పొంగిపొరలు కార్బ్యురేటరు: కొండనేలపై పాత ట్రాక్టరు నేర్పు పాఠము

విశాఖపట్టణమునుండి శృంగవరపుకోట మీదుగా అరకులోయకు పోవు ఘాటురోడ్డు అనంతగిరి కొండలలో మెలికలు తిరుగుచు, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తునకు చేరును. ఆ కొండలలోనే సాగు రైలుమార్గము మీది శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున నున్నది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960 దశకములో వేసిన మార్గమది. మైదానమున చక్కగా నడచిన యంత్రము ఈ ఎత్తునకు వచ్చి మొరాయించినచో, "కొండగాలి దీనికి పడలేదు" అని చెప్పి ఊరకుండుట సులభము. ఆ మాటలో నిజమెంత, తొందరపాటెంత అని తూచి చూచుటకు పాత ట్రాక్టరులోని ఒక చిన్న భాగము మనకు చక్కని త్రాసు కాగలదు. అదియే కార్బ్యురేటరు.

దానికి తరచుగా వచ్చు జబ్బు ఒకటి కలదు. గిన్నెలో నిలువవలసిన పెట్రోలు నిలువక పొంగి, గొట్టములోనికిని నేలమీదికిని కారిపోవును. మెకానిక్కులు దీనిని ఓవర్‌ఫ్లో అందురు. ఈ జబ్బు పట్టిన ఇంజను స్టార్టు కాదు. అయినను నల్లని పొగ విడుచుచు, దగ్గుచు, కొంతసేపటికి ఆగిపోవును. తొలకరి పడి, నేల దున్నుటకు వీలైన నాలుగు దినములలో ఇట్లు జరిగినచో రైతునకు కలుగు నష్టము పెట్రోలు ఖరీదుతో ముగియదు.

ఏ ట్రాక్టరునకు ఈ జబ్బు?

నేడు మన పొలములలో కనిపించు ట్రాక్టర్లు దాదాపుగా అన్నియు డీజిలువి. డీజిలు ఇంజనులో కార్బ్యురేటరు ఉండదు. 1959లో ఫరీదాబాదున ఐషర్ సంస్థ మన దేశపు తొలి ట్రాక్టరును తయారుచేసినది. 1960లో మద్రాసున టాఫే సంస్థ ఏర్పడినది. ఇవి రెండును నడచినది డీజిలు దారినే. అంతకుముందు విదేశములలో పుట్టిన ట్రాక్టర్లలో మాత్రము పెట్రోలుతో నడచునవి, పెట్రోలుతో మొదలుపెట్టి వేడెక్కిన పిదప కిరసనాయిలువంటి నూనెకు మార్చునవి విరివిగా నుండెడివి. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున 1946 మొదలు 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టి.ఇ.20 అట్టి వాటిలో ప్రసిద్ధమైనది. 5 లక్షలకు పైగా తయారైన ఆ చిన్న బూడిదరంగు ట్రాక్టర్లు కొన్ని ప్రపంచమున ఇంకను నడచుచునే యున్నవి.

పాత ట్రాక్టరును గురించిన ఈ ముచ్చట నేటి వారికి ఏల అను సందేహము రావచ్చును. 2020 ఏప్రిలులో బి.ఎస్.6 నిబంధనలు వచ్చువరకు మన దేశములో అమ్ముడుపోయిన మోటారు సైకిళ్ళలో అధికభాగమునకు కార్బ్యురేటరే ఉండెడిది. పెట్రోలు పంపుసెట్లలోను, కలుపుతీయు చిన్న యంత్రములలోను అది నేటికిని కలదు. అందుచేత పాత ట్రాక్టరు దగ్గర నేర్చుకొన్నది ఇంటిముందరి మోటారు సైకిలునకును పనికివచ్చును.

గిన్నె, తేలుడు బుడ్డి, సూది

కార్బ్యురేటరు చేయు పని గాలిలో పెట్రోలును తగుపాళ్ళలో కలుపుట. తూకమున సుమారు 15 వంతుల గాలికి 1 వంతు పెట్రోలు కలిసినపుడు అది చక్కగా మండును. ఇంజను పీల్చు గాలి నడుము సన్నగిల్లిన ఒక గొట్టముగుండ పోవును. ఆ సన్నని చోట గాలి వేగము హెచ్చి, ఒత్తిడి తగ్గును. అక్కడ జెట్టు అను సన్నని రంధ్రమునుండి పెట్రోలు పైకి చిమ్మబడి, తుంపరలై గాలిలో కలిసిపోవును. బెర్నూలీ సూత్రమునకు ఇంతకన్న మంచి ఉదాహరణము వెదకనక్కరలేదు.

కాని ఈ చిమ్ముట సరిగా జరుగవలెనన్నచో, జెట్టునకు పెట్రోలు నందించు గిన్నెలో మట్టము ఎల్లప్పుడు ఒకే ఎత్తున నుండవలెను. జర్మనీ దేశపు ఇంజనీరు విల్హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించిన కార్బ్యురేటరులో ఈ మట్టమును కాపాడు పని ఒక ఫ్లోటునకు అప్పగించెను. ఫ్లోటనగా తేలుడు బుడ్డి. మన మేడలమీది నీళ్ళట్యాంకులో బంతి తేలి కుళాయిని మూయునే, అదే పద్ధతి. పెట్రోలు గిన్నెలోనికి వచ్చిన కొలది బుడ్డి పైకి లేచును, లేచి, ఒక చిన్న సూదిని దాని పీటలోనికి నెట్టును, దారి మూతపడును. ఇంజను త్రాగిన కొలది మట్టము దిగును, సూది జారును, మరల పెట్రోలు వచ్చును. ఆర్కిమిడీసు సూత్రము ఈ చిన్న గిన్నెలో రోజంతయు పనిచేయుచునే యుండును.

జెట్టు నోరు ఈ మట్టమునకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తున నుండును. అనగా మట్టము కొద్దిగా పెరిగినను పెట్రోలు ఎవరును పీల్చకుండగనే జెట్టునుండి పొరలిపోవును. పొంగుట అను జబ్బునకు మూలమిదియే. ఇక తెలియవలసినది, మట్టమును పెంచినది ఎవరు అని.

ముందుగా జాగ్రత్త

కారణము వెదకుటకు ముందు ట్యాంకు క్రింది కుళాయి కట్టివేయవలెను. బీడీ, లాంతరు, పొయ్యి ఏవియు దగ్గర నుండరాదు. ఇంజను చల్లారువరకు ఆగవలెను. కారిన పెట్రోలును గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను దూరముగా ఆరవేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేలను అంటుకొని ప్రాకిపోయి, పది అడుగుల దూరమున నున్న నిప్పునైనను తాకగలదు.

రెండవ అపాయము కంటికి కనిపించదు. పొంగిన పెట్రోలు సిలిండరులోనికి దిగి, గోడలకున్న నూనె పొరను కడిగివేయును. అక్కడినుండి క్రింది నూనెతొట్టిలో చేరి నూనెను పలుచబరచును. నూనె కొలత కడ్డీని తీసి చూచినపుడు మట్టము పెరిగియున్నచో సంతోషింపరాదు. దానిని వాసన చూడవలెను. పెట్రోలు వాసన వచ్చినచో ఆ నూనె మార్చువరకు ఇంజనును నడపరాదు. నడపినచో బేరింగులును సిలిండరులును అరిగిపోవును. చిటికెడు మురికితో మొదలైన జబ్బు ఇంజను ప్రాణమునకు వచ్చు మార్గమిది.

మూడు జబ్బులు, ఒకే లక్షణము

నల్లపొగ, తడిసిన ప్లగ్గు, పెట్రోలు వాసన ఈ మూడును మూడు వేరువేరు కారణములచేత రావచ్చును. మొదటిది నిజమైన పొంగు. రెండవది స్టార్టు చేయువాని తొందర. మూడవది పాళ్ళు తప్పిన మిశ్రమము. వీనిని వేరు చేయుటకు డబ్బు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. ట్రాక్టరును సమతలమున నిలిపి, ఇంజను ఆపి, తడి అంతయు తుడిచి, కుళాయి తెరచి కొన్ని నిమిషములు చూచుచు కూర్చుండవలెను. ఇంజను కదలకుండగనే పెట్రోలు కారినచో అది నిజమైన పొంగు; సూదియో, ఫ్లోటో, మట్టమో తప్పినది. కారనిచో కార్బ్యురేటరును విప్పుటకు ఇంకను కారణము లేదు.

కారని పక్షమున మొదట అనుమానింపవలసినది చోకును. చల్లని ఇంజనును లేపుటకు చోకు లాగి గాలిని తగ్గింతుము. ఇంజను లేవనపుడు మరల మరల లాగి త్రిప్పినచో పెట్రోలు మాత్రమే లోనికి పోయి ప్లగ్గులు తడియును. అట్టి ఇంజనును లేపు పద్ధతి ఏమనగా: కుళాయి కట్టి, చోకును పూర్తిగా తెరచి, త్రాటిలును పూర్తిగా తెరచి త్రిప్పవలెను. గాలి ధారాళముగా పోయి తడిని ఆర్చును. అప్పటికిని లేవనిచో ప్లగ్గులు తీసి తుడిచి ఆరబెట్టవలెను. ప్లగ్గులు తీసియుండగా ఇంజనును త్రిప్పవలసివచ్చినచో ఇగ్నిషను కట్టివేయుట మరువరాదు.

కిరసనాయిలుతో నడచు ట్రాక్టరులో ఇంకొక చిక్కు కలదు. పని ముగించి ఆపుటకు ముందు మరల పెట్రోలునకు మార్చి, గిన్నెలోని కిరసనాయిలు ఖర్చగువరకు కొంచెముసేపు నడపవలెను. ఆ పని మరచినచో మరునాటి ఉదయమున గిన్నెనిండ కిరసనాయిలే ఉండును. చల్లని ఇంజనులో అది ఆవిరి కాదు. ఎంత త్రిప్పినను లేవదు. చోకు లాగిన కొలది లోన తడి పెరుగును. చూచువారు కార్బ్యురేటరు పొంగినదందురు. దానిలో దోషమేమియు లేదు. గిన్నెను ఖాళీ చేసి పెట్రోలు నింపుటయే వైద్యము.

వాలు చేయు మాయ

తూర్పు కనుమలలోని గిరిజన రైతులు లోయల వాలులను మెట్లు మెట్లుగా చదునుచేసి వరిమడులు కట్టినారు. మెట్టలయందు చోడి, సామ, వలిసె పండింతురు. మడి సమతలమే, మడికి పోవు దారి సమతలము కాదు. ఇచ్చట ఒక చిన్న లెక్క వేయుదము. గిన్నె నడుమనుండి జెట్టు 3 సెంటీమీటర్ల దూరమున నున్నదనుకొందము. ట్రాక్టరు 15 డిగ్రీలు ఒరిగి, జెట్టు పల్లపువైపు పడినది. గిన్నె ఒరిగినను ద్రవమట్టము ఒరగదు. కనుక జెట్టు దగ్గర మట్టము 3 సెంటీమీటర్లను 15 డిగ్రీల టాంజెంటుతో, అనగా 0.27తో, హెచ్చించినంత పెరుగును. అది సుమారు 8 మిల్లీమీటర్లు. జెట్టు నోరు మట్టముకన్న కొద్ది మిల్లీమీటర్లే ఎత్తున నున్నదని వెనుక చెప్పికొంటిమి. పెట్రోలు పొరలక ఏమి చేయును?

వాలున పొంగి, చదునున పొంగని కార్బ్యురేటరునకు జబ్బు లేదు. ట్రాక్టరును వాలుమీద ఆపినపుడు కుళాయి కట్టుటయే దానికి మందు. పొదలు కొట్టు యంత్రమునకు, చెట్లు కోయు మోటారు రంపమునకు ఈ బాధ తప్పించుటకై వాటి కార్బ్యురేటరులో ఫ్లోటునే తీసివేసి, దాని స్థానమున పలుచని పొరను అమర్చినారు. అందుచేతనే వాటిని ఏ వైపునకు వంచినను పనిచేయును.

సూది, బుడ్డి, బెండు

చదునున ఇంజను ఆపియుండగా పెట్రోలు కారినచో అప్పుడు లోపల చూడవలెను. విప్పుటకు ముందు గిన్నె ప్రక్కను స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా రెండుమారులు తట్టి చూచుట మంచిది. కారుట ఆగినచో సూదికి పీటకు నడుమ ఏదో చిక్కుకొని జారిపోయినదని అర్థము. ఇసుక రేణువు, ట్యాంకులోని త్రుప్పు పొట్టు, రబ్బరు గొట్టపు ముక్క, వీనిలో ఏదైనను కావచ్చును. కాని తట్టుట రోగపరీక్షయే గాని చికిత్స కాదు. ట్యాంకు అడుగును, వడపోత జల్లెడను శుభ్రపరచనిచో రెండవ రేణువు మరునాడే వచ్చును.

మురికి లేకయే కారుచున్నచో సూది మొనను వెలుతురులో పరీక్షింపవలెను. ఏండ్లతరబడి పీటమీద కూర్చుండుటచేత మొనచుట్టు ఒక సన్నని గాడి పడియుండును. గోరు ఆ గాడిలో తగులును. అట్టి సూదిని సానబట్టరాదు. సూదిని పీటను జంటగా మార్చవలెను.

పిమ్మట ఫ్లోటు. ఇత్తడి బుడ్డియైనచో చెవిదగ్గర ఊపి వినవలెను. లోన ద్రవము కదలిన చప్పుడైనచో బుడ్డికి చిల్లి పడినది. చిల్లి ఎక్కడో తెలియుటకు, వేరొక చోట కాచి తెచ్చిన వేడినీటిలో బుడ్డిని ముంచవలెను; లోని ఆవిరి వ్యాకోచించి బుడగలుగా బయటికి వచ్చును. లోన పెట్రోలు మిగిలియున్న బుడ్డికి మాటు వేయుట ప్రాణాంతకము, అది పగులును. మాటు ఎక్కువైనను బుడ్డి బరువెక్కి లోతుగా మునుగును, మట్టము మరల పెరుగును. క్రొత్త బుడ్డి వేయుటయే మేలు.

కొన్ని పాత ట్రాక్టర్లలో ఫ్లోటు బెండుతో చేసినదై యుండును. బెండు పెట్రోలును పీల్చకుండుటకై దానిమీద లక్కపూత పూసెడివారు. విశాఖ ప్రాంతపు విద్యార్థులకు ఏటికొప్పాక లక్కబొమ్మలు తెలియనివి కావు. ఆ లక్క అడవిచెట్ల కొమ్మలమీద పురుగులు పెట్టు వస్తువే. లక్క పెట్రోలులో కరగదు; సారాయి జాతి ద్రవములలో కరగును. వడ్రంగులు స్పిరిటులో లక్కను కరగించి బల్లలకు మెరుగు పెట్టుట మనము చూచినదే. ఇప్పుడు గమనింపుడు: 2025 నాటికి మన దేశములో పెట్రోలునందు 20 శాతము ఇథనాలు కలుపుట సామాన్యమైనది. ఇథనాలు సారాయి జాతిది. కనుక డెబ్బది యేండ్లు చెక్కుచెదరని లక్కపూత ఈ పెట్రోలులో కరగిపోవచ్చును. బెండు పెట్రోలును పీల్చి బరువెక్కును, మునుగును, సూది మూతపడదు, కార్బ్యురేటరు పొంగును. యంత్రము మారలేదు, దానికి పోయు ఆహారము మారినది. ఇథనాలునకు తట్టుకొను పూత గల ఫ్లోటు వేయుట దీనికి విరుగుడు. ఇథనాలు నీటిని కూడ పీల్చును. నీరు హెచ్చినచో పెట్రోలునుండి విడివడి అడుగున చేరును. వానలు దట్టముగా కురియు కొండసీమలో ట్యాంకు మూత బిగువుగా నుండుట అవసరము.

సూదియు బుడ్డియు బాగున్నను కారినచో మట్టము అమర్చుటలో దోషముండవచ్చును. సూదిపీట క్రింద వేసిన వాషరు మందము తేడాచేతను, బుడ్డి చేయి కొంచెము వంగుటచేతను మట్టము మారును. విప్పునపుడే పాత వాషరు మందము కొలిచి వ్రాసికొనుట తెలివైన పని.

కొండ చేసిన నేరమెంత?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. 900 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరమునకన్న సుమారు 8 శాతము తక్కువ. ఇంజనునకు అందు గాలి ఆ మేరకు తగ్గును గనుక బలము తగ్గుట నిజము. గాలి తగ్గినంతగా జెట్టునుండి వచ్చు పెట్రోలు తగ్గదు. సాంద్రత వర్గమూలమును బట్టి తగ్గును. కావున మిశ్రమములో పెట్రోలు పాలు 4, 5 శాతము హెచ్చును. పొగ కొంచెము నలుపెక్కుటకు ఇది చాలును. గాలి వడపోత మురికిగా నున్నచో ఇంకను హెచ్చును. కాని గిన్నెలోని మట్టమును గాలి సాంద్రత పెంచలేదు. పెట్రోలు నేలమీదికి కారుటకును ఎత్తునకును సంబంధము లేదు.

ఘాటు ఎక్కి వేడెక్కిన ఇంజనును ఆపినపుడు మాత్రము కొండకు కొంత పాత్ర కలదు. ఇంజను వేడికి గిన్నెలోని పెట్రోలు మరగి జెట్టు దారిని పొంగును. ఒత్తిడి తక్కువైన చోట ద్రవములు తక్కువ వేడికే మరగును. అరకులో నీరు 97 డిగ్రీల దగ్గరనే మరగును. పావుగంట ఆగి, త్రాటిలు తెరచి లేపినచో ఆ చిక్కు తీరును.

1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందము మూడు పెట్రోలు ఫెర్గూసన్ ట్రాక్టర్లతో దక్షిణధ్రువమును చేరినది. ధ్రువము 2,800 మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది, అరకులోయకు మూడింతలు. అక్కడ పనిచేసినవియు ఇట్టి ఫ్లోటు కార్బ్యురేటర్లే. కొండగాలిపై నేరము మోపుటకు ముందు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట

ఈ పరీక్షలన్నింటికిని ఒక క్రమము కలదు. విప్పనక్కరలేనివి ముందు, విప్పవలసినవి తరువాత. ఒకమారునకు ఒకే మార్పు. ప్రతి మార్పు పిదప మరల పరీక్ష. ఒకేమారు సూదిని మార్చి, మట్టము దించి, స్క్రూ త్రిప్పినవాడు జబ్బు నయమైనను దేనిచేత నయమైనదో ఎరుగడు. మరల వచ్చినపుడు మొదటికే వచ్చును.

కొండసీమలోని ఆశ్రమ పాఠశాలలలో ప్రయోగశాల లేదని చింతింపనక్కరలేదు. పాత సామానుల కొట్టులో పారవేసిన కార్బ్యురేటరు నొకదానిని తెచ్చి, శుభ్రముగా కడిగి ఆరబెట్టి, పెట్రోలునకు బదులు నీరు పోసి చూపవచ్చును. ఫ్లోటు లేచుట, సూది మూతపడుట పిల్లలు కన్నులార చూతురు. సూదికి నడుమ ఒక ఇసుక రేణువు పెట్టి చూపవలెను. గిన్నెను వంచి, ఎన్ని డిగ్రీలకు నీరు పొరలునో కోణమానినితో కొలిపింపవలెను. లెక్కవేసిన కోణముతో పోల్చి చూడుమనవలెను. రెండింటికి తేడా వచ్చినచో ఏల వచ్చినదో వారినే చెప్పుమనవలెను. రేపు సంతకు పోవుదారిలో తండ్రి మోటారు సైకిలు పెట్రోలు కార్చుచు ఆగిపోయినపుడు, ఆ పిల్లవాడు మొట్టమొదట కుళాయి కట్టి, తరువాత బండి నిలిచినది వాలునో చదునునో చూచును.